అరచేతిలో పౌను

త్రాసు ముల్లు మధ్యకి రాలేదు.

సిబిల్లా ఇంకో అడుగు ముందుకేసి చూసింది. మేకుల బస్తా ఉన్న సిబ్బి గాలిలో వేలాడుతోంది. తూకపురాళ్ళున్న సిబ్బి కిందికి దిగి, లేవనని మొండికేసిన ఎద్దులా కూర్చుంది.

“తియ్యి సెవరిన్, ఒకటి తీసి చూడు,” అన్నాడు గుమాస్తా క్లెమెన్స్, కాగితాల మీంచి తల ఎత్తకుండానే.

సెవరిన్ ఒక పౌను రాయి తీశాడు. ముల్లు కదల్లేదు. ఇంకొకటి తీశాడు. కొంచెం వణికింది. మూడోది తీశాక మేకుల సిబ్బి దిగింది. అప్పుడు చిన్న పెట్టెలోంచి లోట్ రాళ్ళు, గుండీలంత ఇత్తడి బిళ్ళలు, ఒక్కొక్కటే తీసి వేశాడు. తొమ్మిదోది వేశాక ముల్లు నిలబడింది.

“ముప్పై తొమ్మిది పౌన్ల తొమ్మిది లోట్లు,” అన్నాడు గుమాస్తా. ఇప్పుడు తల ఎత్తాడు. “నలభై రెండు ఉండాలిగా?”

ఉండాలి. జూన్ నెల మధ్యలో సిబిల్లా ఇదే కొట్టులో నలభై ఎనిమిది పౌన్ల ఇనుప కడ్డీ తూయించుకుని వీపున మోసుకుపోయింది. పౌనుకి ముప్పై రెండు లోట్లు. అందులో నాలుగు లోట్లు కొలిమి తింటుంది, చిట్టెమై రాలిపోతుంది. ఆ నాలుగూ తరుగు కింద ఈ కొట్టు సావుకారు దొర వదిలేస్తాడు. మిగతా ఇరవై ఎనిమిదీ మేకులై తిరిగి రావాలి. ఐఫెల్ కొండల్లో మేకులు కొట్టే ప్రతి మనిషికీ ఈ లెక్క తన పేరులాగే తెలుసు. నలభై ఎనిమిదికి నలభై రెండు.

“ఇంకోసారి తూయండి,” అంది.

తూశారు. అంతే వచ్చింది.

“ఏవమ్మా,” గుమాస్తా కుర్చీలో వెనక్కి వాలాడు, “ఈ నెల ఒకటి నించి పౌనుకి ముప్పై లోట్లే. రెండు లోట్లు మీకు రాజుగారు దయచేశారు. ఆ దయచేసిన రాళ్ళతో తూచినా తగ్గిందంటే, కడ్డీని వెన్న రాసుకుని తిన్నావా?”

పక్కన ఉప్పు కొనడానికొచ్చిన ఇద్దరు నవ్వారు. సిబిల్లాకి చెవులు వేడెక్కాయి. ముప్పై లోట్ల సంగతి ఆమెకీ తెలుసు. రెండు ఆదివారాల కింద చర్చిలో ఫాదరే చదివాడు ఆ ఉత్తర్వు. ప్రష్యా రాజ్యమంతా ఒకటే కొత్త పౌను, ముప్పై లోట్లు. ఆ రోజు మేకులవాళ్ళంతా పండగ చేసుకున్నారు. పౌను రెండు లోట్లు చిక్కిపోయింది, ఇక మనం ఇవ్వాల్సిన మేకులూ తగ్గుతాయి అని. కొర్నేల్ ముసలాడు సారాకొట్లో బల్ల ఎక్కి పాడాడు. దొరలనేవాళ్ళు ఎప్పుడైనా ఎవరికైనా రెండు లోట్లు ఊరికే ఇచ్చారా అని అడిగిన మనిషి ఒక్కడు లేడు.

ఆమె సెవరిన్ వైపు తిరిగింది. సెవరిన్ ఆమె మొగుడి అన్న. మొగుడు పోయి మూడేళ్ళు. కొట్లో తూకం వేసేటప్పుడు రాళ్ళని సావుకారు మనుషులు ముట్టకూడదు, మేకులవాళ్ళు ఎన్నుకున్న మనిషే ఎత్తి సిబ్బిలో పెట్టాలి. అది తాతల నాటి కట్టు. ఇరవై రెండేళ్ళుగా ఆ మనిషి సెవరినే. అతని అరచెయ్యి త్రాసుకంటే నమ్మకం అని చుట్టుపక్కల ఏడు ఊళ్ళలో పేరు. సిబిల్లా పెళ్ళిలో పెద్దబాతుని రెక్కలు పట్టుకుని ఎత్తి, “పదకొండు పౌన్లకి మూడు లోట్లు తక్కువ,” అన్నాడు. వంటవాళ్ళు పందెం కాసి తూశారు. మూడు లోట్లే తక్కువ.

ఇవాళ మొదటి పది పౌన్ల రాయి ఎత్తినప్పుడు ఆ చెయ్యి దారిలో ఒకసారి ఆగింది. అతను రాయిని ఎడమ చేతికి మార్చుకుని, మళ్ళీ కుడి చేతికి మార్చుకుని, సిబ్బిలో పెట్టి, అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. ముల్లు గుచ్చుకుందేమో అనుకుంది ఆమె.

“బావగారూ, మీరైనా చెప్పండి. నేను గుప్పెడు ఇనుము తీశానా ఎప్పుడైనా?”

సెవరిన్ చెయ్యి తోలు గుడ్డకి తుడుచుకున్నాడు. “ముల్లు చెప్పింది కదా అమ్మాయ్,” అన్నాడు.

గుమాస్తా చీటీ రాసి అతని ముందుకి తోశాడు. రాయి సరి, మేకు తక్కువ. సెవరిన్ కలం పట్టుకుని కింద తన గుర్తు వేశాడు. చిన్న చతురం, మధ్యలో చుక్క. మేకు తల. చుక్క పెట్టేటప్పుడు కలం రెండుసార్లు కాగితం మీద తడబడింది.

ఆ శనివారం మేకులతో కొట్టుకి వచ్చింది సిబిల్లా ఒక్కతే. మిగతా అందరికీ పచ్చికబీళ్ళున్నాయి, ఎండుగడ్డి కోతల్లో ఉన్నారు. బీడు లేని మనిషి కాబట్టి ఆమె సరుకు ముందు తయారైంది. అదే ఆమె చేసిన తప్పు.

*

సోమవారం పొద్దున కొలిమిసాల తలుపు తీసే ఉంది.

ఆ సాలలో ఒక కొలిమి చుట్టూ ఇనుము పెట్టి కొట్టే దాగళ్ళు నాలుగు, ఒక్కోటి ఒక్కో మొద్దు మీద. సెవరిన్‌ది, కొర్నేల్ ముసలాడిది, పిర్మిన్‌ది, సిబిల్లాది. గోడవారగా పెద్ద చెక్క చక్రం, అందులో ఫిక్స్ అనే కుక్క పరుగెడుతుంది. అది పరుగెత్తితే తిత్తులాడతాయి, తిత్తులాడితే నిప్పు లేస్తుంది. రోజూ పొద్దున అందరిలోకి పెద్ద పనివాడు సెవరిన్ ఒక్కొక్కరికీ మొదటి కడ్డీ అందిస్తాడు. కడ్డీ చేతినుంచి చేతికే వెళ్ళాలి. నేలమీద పెట్టి తీసుకోమంటే ఇక ఆ ఇద్దరికీ మాటల్లేవని అర్థం.

సిబిల్లా తోలు గుడ్డ కట్టుకుని చెయ్యి చాచింది.

సెవరిన్ కడ్డీల కట్ట పక్కన నిలబడ్డాడు. కొర్నేల్‌కి ఇచ్చాడు. పిర్మిన్‌కి ఇచ్చాడు. కట్ట మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడిపోయాడు. సిబిల్లా చాచిన చెయ్యి చాచినట్టే ఉంది.

“ఏంటి బావగారూ, నా కడ్డీ?”

కొర్నేల్ గొంతు సవరించుకున్నాడు. డెబ్బై దాటిన మనిషి, సిబిల్లాకి పెళ్ళిలో దండ వేసిన మనిషి. “చీటీ చూశాం సిబిల్లా. రెండు పౌన్ల ఇరవయ్యొక్క లోట్లు. తరుగు తీసేశాక కూడా అంత తక్కువ.”

“నేను తీయలేదు మావా.”

“తీయలేదంటే ఎలా? మనోడే గుర్తు పెట్టాడు.”

“పౌను చిన్నదైనా సరిపోలేదట,” అన్నాడు పిర్మిన్. ముప్పై ఏళ్ళవాడు, నోరు ముందు, చెయ్యి తర్వాత. “పెద్దదైతే బస్తా కూడా మాయమయ్యేదేమో వదినా.”

“నీ నోట్లో చిట్టెం కొట్ట! నీ పెళ్ళాం పురుటికి పోతే రెండు నెలలు నీకు గంజి కాచి పోసింది ఎవర్రా?”

“గంజి వేరు, ఇనుము వేరు.”

ఇనుము దొంగకి కొలిమిలో చోటు లేదు. అది కూడా తాతల నాటి కట్టే. సావుకారు ఇనుము ఒకడు తీస్తే ఊరందరికీ కడ్డీ ఆపేస్తాడు, అందుకని దొంగ దాగలి మొద్దుని పెకలించి తిరగేస్తారు. సావుకారు అడగక్కర్లేదు. చెప్పక్కర్లేదు. వాడి పని వీళ్ళే చేసిపెడతారు, జీతం లేకుండా.

కొర్నేల్ గడ్డపార తీసుకున్నాడు. ఓక్ మొద్దు మోకాలి లోతున పాతింది. పదహారేళ్ళ కింద సిబిల్లా మొగుడు, సెవరిన్, ఇద్దరూ కలిసి గొయ్యి తీసి, రాళ్ళు దట్టించి పాతిన మొద్దు. పిర్మిన్ కాలు పెట్టి తోశాడు. అది ఒక పట్టాన రాలేదు. పార కింద చెట్టు వేర్లు తెగినట్టు చప్పుడైంది.

“బావగారూ, మీ తమ్ముడు పాతింది.”

సెవరిన్ వీపు తిప్పి కొలిమిలో బొగ్గు వేస్తున్నాడు. ఒక పార వేశాడు. ఇంకోటి వేశాడు. అవసరానికి మించి వేస్తున్నాడు. నిప్పు మూసుకుపోయి పొగ లేచింది. చక్రంలో కుక్క ఆగిపోయి, నాలుక బయటపెట్టి వీళ్ళని చూస్తోంది.

మొద్దు పక్కకి ఒరిగింది. అడుగున ఉన్న తడి మట్టి, ఇన్నేళ్ళలో వెలుగు చూడని మట్టి, నల్లగా బయటికొచ్చింది. అందులోంచి ఒక వానపాము మెల్లగా కదిలింది.

సిబిల్లా ఏడవలేదు. తన దాగలి మీద వేలాడే దారాన్ని గోడ మేకు నుంచి విప్పుకుంది, చుట్ట చుట్టి గౌను జేబులో వేసుకుంది, వెళ్ళిపోయింది.

*

ఆ దారానికి ఏడు మేకులున్నాయి.

చదువు రాని మనిషికి లెక్క గుర్తుండాలంటే ఏదో ఒకటి కావాలి. ఐదేసి మేకులు ఒక విసురు. ఇరవై విసుర్లు వంద. వేయి పూర్తయినప్పుడల్లా పైన ఒకటి కొట్టి దారానికి కట్టేది. బస్తాలోకి పోయినవి ఏడు వేలు. పలకల ఇంటికప్పుకి కొట్టే చిన్న మేకులు, వేయికి ఆరు పౌన్లు తూగేవి. ఏడు ఆర్లు నలభై రెండు. మంగళవారమంతా వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఈ లెక్కనే తిప్పి తిప్పి వేసింది. లెక్క తప్పలేదు. లెక్క తప్పకపోతే మేకులు సన్నగా కొట్టి ఉండాలి.

ఆమె మనసు ఆమెనే అనుమానించింది. ఇది రాసి పెట్టుకోవాల్సిన సంగతి. నలుగురు దొంగ అంటే, అయిదో రోజుకి తనకే తన చెయ్యి కొత్తగా కనిపిస్తుంది.

అల్మారాలో మొగుడి మాదిరి మేకులు ఉన్నాయి. అతనికి కొలిమిలో చోటిచ్చిన రోజు పెద్దలు ఇచ్చినవి, నూనెగుడ్డలో చుట్టి ఐదు. ఇలాగే కొట్టాలి అని చెప్పి ఇచ్చిన మేకులు. సిబిల్లా నూలు వడికే కదురు తీసుకుని సరిగ్గా మధ్యలో దారం కట్టింది. రెండు చివర్లకీ రెండు చెక్క గరిటెలు వేలాడదీసింది. గరిటెలు సమానంగా లేవు, ఒకదానికి రొట్టెపిండి చిటికెడు అంటించింది. తర్వాత ఒక గరిటెలో మొగుడి ఐదు మేకులు పెట్టింది. రెండో దాంట్లో దారం నుంచి విప్పిన తన ఐదు.

కదురు ఊగింది. అటు, ఇటు, అటు. ఆగింది.

సమానంగా ఆగింది.

గరిటెలు మార్చి పెట్టింది. మళ్ళీ సమానం. దారానికి మిగిలిన రెండూ ఒకదాని తర్వాత ఒకటి మార్చి చూసింది. సమానం.

మేకు సరి. లెక్క సరి. సిబిల్లా బల్లకేసి గుప్పిట్లు ఆనించి లేచింది. ఇక తప్పు ఉండడానికి ఒకటే చోటు మిగిలింది, దాన్ని అనుమానించాలని ఇప్పటిదాకా ఎవరికీ తోచలేదు. ఇనుప రాయికి పైన రాజుగారి కిరీటం గుర్తు కొట్టి ఉంటుంది కదా.

బుధవారం పొద్దున ఆమె సెవరిన్ ఇంటికి వెళ్ళింది. అతని పెళ్ళాం ఒడీలా గుమ్మంలో బంగాళదుంపలు చెక్కు తీస్తోంది.

“లేడు,” అంది తల ఎత్తకుండా. చేతిలో కత్తి ఆపి, గొంతు తగ్గించింది. “వాగు దగ్గరున్నాడు. శనివారం నించీ ఏదో అయింది సిబిల్లా. రొట్టె ఎత్తి చూస్తాడు, గుర్రపు లాడం ఎత్తి చూస్తాడు. నిన్న నా ఇస్త్రీపెట్టె పట్టుకుని అరగంట నిలబడ్డాడు. నువ్వు అడుగు. నాకు చెప్పడు.”

వాగు ఒడ్డున సెవరిన్ గొంతుక్కూర్చుని ఉన్నాడు. రెండు చేతుల్లో రెండు గులకరాళ్ళు. కళ్ళు మూసుకుని వాటిని పైకీ కిందికీ ఆడిస్తున్నాడు. సిబిల్లా నీడ పడగానే రెండూ నీళ్ళలో పడేశాడు.

ఆమె అంతా చెప్పింది. దారం, మాదిరి మేకులు, కదురు. చెప్పడం అయ్యేసరికి అతను తల దించేశాడు.

“నా చేతికి తెలిసింది,” అన్నాడు.

“ఏం తెలిసింది?”

“పది పౌన్ల రాయి ఎత్తగానే తెలిసింది. బరువు. ఇరవై లోట్లకి పైన ఎక్కువ. ఒక్కో పౌనుకీ రెండు లోట్లు ఎక్కువ.” కుడి చెయ్యి చాపి, పరాయివాడి చెయ్యి చూసినట్టు చూశాడు. “కానీ అందరూ తగ్గిందన్నారు కదా. ఫాదర్ చదివాడు. కొర్నేల్ పాడాడు. తగ్గిన రాయి నా చేతికి బరువుగా ఉందంటే, పోయింది, చెయ్యి పోయింది అనుకున్నా. అరవై రెండొచ్చాయి. మా నాన్న చెయ్యి అరవైకే వణికింది.”

“అయితే?”

“అయితే ఏముంది. ఆ సంగతి క్లెమెన్స్‌కి చెప్పనా? వాడు ఊరంతా చాటడా? ఇరవై రెండేళ్ళు, సిబిల్లా.”

వాగు ఒడ్డున ఎవరో బండ మీద నారగుడ్డలు బాదుతున్నారు. ఆ చప్పుడు మీంచి ఆమె గొంతు పెంచింది.

“నన్ను దొంగ అనడం కంటే మీ చెయ్యి ముసలిదైందని చెప్పడం కష్టమయ్యిందా బావగారూ?”

అతను నీళ్ళలో పడిన రాళ్ళకేసి చూశాడు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఆమెకి జాలి వేసింది. అదే ఆమె చేసిన రెండో తప్పు.

“మీ చెయ్యి పోలేదు. రాయే మారింది. నా కదురు చెబుతోంది, మీ చెయ్యీ చెబుతోంది. శనివారం అందరూ సరుకు తెస్తారు. అందరి ముందూ ఆ ఒక్క మాట చెప్పండి చాలు. ఆ రోజే నాకు తెలిసింది, చెప్పలేదు అనండి. నా మొద్దు నాకొస్తుంది.”

“చెప్తాను.”

“తమ్ముడి మీద ఒట్టా?”

“వాడి మీద ఒట్టు,” అన్నాడు సెవరిన్. కుడి చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు.

*

శనివారం కొట్టు నిండిపోయింది. పన్నెండు మంది మేకులవాళ్ళు, పన్నెండు బస్తాలు. సిబిల్లా బస్తా లేకుండా వచ్చి తలుపు పక్కన నిలబడింది. ఎవరూ పలకరించలేదు. ఇద్దరు మాత్రం జరిగి చోటిచ్చారు, అంటుకుంటుందేమో అన్నట్టు.

మొదట కొర్నేల్ బస్తా. సెవరిన్ కిరీటం గుర్తు రాళ్ళు ఒక్కొక్కటే ఎత్తి పెట్టాడు. సిబ్బి దిగబడింది. మేకుల సిబ్బి గాల్లో ఉండిపోయింది.

“తగ్గింది,” అన్నాడు క్లెమెన్స్.

“ఏంటి తగ్గేది?” కొర్నేల్ మెడ ఎర్రబడింది. “ఒరేయ్, నేను డెబ్బై ఏళ్ళవాణ్ణి. మీ దొర బొడ్డు కొయ్యకముందు నించీ ఇదే బల్ల మీద మేకులు పోస్తున్నా. నేను దొంగనా? చెప్పు, దొంగనా నేను?” పిడికిలితో బల్ల మీద కొట్టాడు. వెనక పదకొండు మందీ ఒక అడుగు ముందుకేశారు.

గుమాస్తా ముఖం మారింది. “ఆ, ఆ, ఉండండి, మర్చిపోయా,” అంటూ వంగి బల్ల కింద నుంచి గోనెగుడ్డ కప్పిన పెట్టె లాగాడు. అందులో పాత రాళ్ళు, అరిగి నునుపెక్కినవి. “జూలైకి ముందు తీసుకున్న కడ్డీకి పాత రాయితోనే తూయమని మంగళవారం కాగితం వచ్చింది.”

“కొత్తది చిన్నది కదా?” అన్నాడు పిర్మిన్. “ముప్పై లోట్లేగా?”

“చిన్నదని ఎవడన్నాడు? పౌను పెరిగింది. లోట్ ఇంకా పెరిగింది. రొట్టెని ముప్పై రెండు ముక్కలు చేసినా ముప్పై ముక్కలు చేసినా సరే, ముందు రొట్టె ఎంతదో చూసుకోవద్దూ?” గుమాస్తా ఇది తనకి పుట్టుకతోనే తెలిసినట్టు చెప్పాడు. పోయిన శనివారం ఈ సంగతి వాడికీ తెలియదు.

కొర్నేల్ నోరు తెరిచి అలాగే ఉన్నాడు. చిన్నప్పుడు కొలోన్ పౌను చూసిన మనిషి, ఫ్రెంచివాళ్ళొచ్చి మార్చినప్పుడు చూసిన మనిషి, ప్రష్యావాళ్ళొచ్చి మళ్ళీ మార్చినప్పుడు చూసిన మనిషి. మార్చిన ప్రతిసారీ ఎవరి బస్తా తేలిందో చూసిన మనిషి. బల్ల ఎక్కి పాడింది ఆ మనిషే. మెల్లగా, ఒక్కొక్కరే, అందరూ తలుపు పక్కనున్న సిబిల్లా వైపు తిరిగారు.

సిబిల్లా బల్ల దగ్గరికి నడిచింది.

“మంగళవారం నించీ తెలుసా నీకు?”

“నన్ను ఎవరూ అడగలేదు,” అన్నాడు క్లెమెన్స్.

“నా బస్తా తగ్గితే నేను దొంగ. ఈయన బస్తా తగ్గితే రాయి దొంగ. బాగుంది.”

“నీదీ సరిచేద్దునమ్మా, కానీ నీ చీటీ దొరగారికి పోయింది. నేను రాసిందే అయితే మార్చేవాణ్ణి. మీ మనిషి గుర్తుంది దాని మీద. రాయి సరి అన్నాడు. ఆ రోజు అనుమానం వచ్చిందని ఆయన్ని చెప్పమను, వేరే చీటీ రాస్తా. తెలియక పెట్టిన గుర్తంటే గుర్తు గుర్తే, చీటీ చీటీయే.”

అందరూ సెవరిన్‌ని చూశారు. సిబిల్లా కూడా చూసింది. ఇప్పుడు చెప్తాడు అనుకుంది. అతని పెదవులు కదిలాయి. కుడి చెయ్యి తోలు గుడ్డ కింద దూరింది.

“నేను... నాకేం గుర్తు లేదు,” అన్నాడు.

ఆమె ఒక్కసారి కళ్ళు మూసుకుని తెరిచింది. సరే, నోరు రాకపోతే చెయ్యి చెబుతుంది. పెట్టెలోంచి పాత పౌను రాయి తీసింది. సిబ్బిలోంచి కొత్త పౌను రాయి తీసింది. ఆడది రాయి ముట్టుకుంటుంటే గుమాస్తా ఏదో అనబోయాడు, కొర్నేల్ చూసిన చూపుకి ఊరుకున్నాడు.

“కళ్ళు మూసుకోండి బావగారూ. చేతులు చాపండి.”

సెవరిన్ చాపాడు. ఇంకేం చేస్తాడు? ఆమె ఎడమ చేతిలో పాతది పెట్టింది, కుడి చేతిలో కొత్తది. ఏడు ఊళ్ళు నమ్మిన ఆ కుడి అరచెయ్యి ఒక వేలెడు కిందికి దిగింది. అందరూ చూశారు. అతనికీ తెలిసింది, వెంటనే పైకి లాగి రెండో దానితో సమానం చేశాడు.

“ఏది బరువు?”

సెవరిన్ నుదుటి మీద చెమట పట్టింది. కొత్తది బరువు అంటే, ఆ రోజూ తెలుసన్నమాట. తెలిసీ గుర్తు పెట్టాడన్నమాట. తెలిసీ తమ్ముడి మొద్దు తవ్వుతుంటే బొగ్గు వేశాడన్నమాట.

“రెండూ సమానమే,” అన్నాడు. “నా చెయ్యి పోయింది. నాకేం తెలియదు. సమానమే.”

పోయిన శనివారం ఆ చేతి పేరు కాపాడుకోవడానికి అతను ఆమెని అమ్మేశాడు. ఈ శనివారం ఆమెకి ఆ ఒక్క మాట ఇవ్వకుండా ఉండటానికి ఆ చేతినే చంపేసుకున్నాడు.

కొర్నేల్ ముందుకొచ్చి రెండు రాళ్ళూ అతని చేతుల్లోంచి తీసుకున్నాడు. ఎత్తి చూశాడు. మాట్లాడకుండా పిర్మిన్‌కి ఇచ్చాడు. పిర్మిన్ ఎత్తి చూసి పక్కవాడికి ఇచ్చాడు. రాళ్ళు చేతినుంచి చేతికి కొట్టంతా తిరిగాయి. అది తెలుసుకోడానికి గొప్ప చెయ్యి అక్కర్లేదు, ఎవరి చెయ్యైనా చాలు. ఇన్నేళ్ళూ ఒక్కడి చేతికి అప్పగించి మిగతావాళ్ళు తమ చేతులు జేబుల్లో పెట్టుకున్నారు.

కొర్నేల్ సిబ్బిలోంచి తన బస్తా కిందికి దించాడు. “ముందు ఆమె చీటీ.”

“మావా, చెప్పాను కదా, గుర్తు...”

“ముందు ఆమె చీటీ. లేదా ఈ పన్నెండు బస్తాలూ ఇలాగే ఇంటికి పోతాయి. మీ దొరకి ఇళ్ళ కప్పులు జిగురుతో అతికించుకోమని చెప్పు.”

పిర్మిన్ తన బస్తా భుజానికెత్తుకున్నాడు. ఇంకొకడు ఎత్తుకున్నాడు. క్లెమెన్స్ కిటికీలోంచి బయటికి చూశాడు, లోపలికి చూశాడు, తర్వాత కలం ముంచాడు. పాత పౌనుతో నలభై రెండు. మేకు సరి. చీటీ ముందుకి తోసినప్పుడు సెవరిన్ చెయ్యి ముందుకొచ్చింది.

“నీ గుర్తు వద్దులే,” అన్నాడు కొర్నేల్. తను వంకర గీత ఒకటి గీశాడు. అతనికి వచ్చింది అదే.

బయటికొచ్చాక సిబిల్లా పక్కన నడుస్తూ పిర్మిన్ నసిగాడు. “వదినా, మేం అనుకోలేదు...”

“అనుకోలేదు కాదురా. మీ బస్తా తగ్గే దాకా అనుకోలేదు,” అంది ఆమె. నడక ఆపలేదు.

*

సోమవారం ఆమె వెళ్ళేసరికి మొద్దు నిలబెట్టి ఉంది. కొర్నేల్, పిర్మిన్ చీకటితోనే వచ్చి గొయ్యి శుభ్రం చేసి, కొత్త రాళ్ళు దట్టించి పాతారు. సిబిల్లా రెండు చేతులూ వేసి ఊపి చూసింది. కొంచెం కదిలింది. పదహారేళ్ళ పట్టు ఒక వారంలో రాదు. ఇంకో రెండు రాళ్ళు వెతికి తెచ్చి, సుత్తితో కొట్టి దిగగొట్టింది. వాళ్ళు సాయం రాబోతే వద్దంది.

దారం తీసి గోడ మేకుకి కట్టింది. దాని మీద ఇప్పుడు ఏమీ లేదు.

సెవరిన్ కడ్డీల కట్ట దగ్గర ఉన్నాడు. ఇక తూకం మనిషి కాకపోయినా కొలిమిలో పెద్ద పనివాడు ఇంకా అతనే. కొర్నేల్‌కి ఇచ్చాడు. పిర్మిన్‌కి ఇచ్చాడు. మూడో కడ్డీ తీసి ఏరి చూశాడు, పక్కన పెట్టి ఇంకొకటి తీశాడు. నిటారుగా, ఎక్కడా పొర లేనిది, కట్టలోకల్లా మంచిది. రెండు చేతుల మీదా పెట్టుకుని ఆమె ముందుకి వచ్చి నిలబడ్డాడు.

“అమ్మాయ్,” అన్నాడు. “తీసుకో.”

కుడి అరచెయ్యి కడ్డీ కింద కొద్దిగా వణుకుతోంది. నిజంగానే వణుకుతోందో, వణికిస్తున్నాడో ఆమెకి తెలియలేదు. ఇక ఎప్పటికీ తెలియదు. అది అన్నిటికంటే బాధ అనిపించింది.

సిబిల్లా చేతులు తోలు గుడ్డ మీద అలాగే ఉంచింది.

“కింద పెట్టండి, బావగారూ.”

పిర్మిన్ సుత్తి ఆగింది. కొర్నేల్ నిప్పులోకి చూస్తూ ఉండిపోయాడు. సెవరిన్ మోకాళ్ళు వంచి, చప్పుడు కాకుండా, కడ్డీని నేలమీద పెట్టాడు. లేచి వెనక్కి జరిగాడు.

అతను తన దాగలి దగ్గరికి చేరేదాకా ఆగి, ఆమె వంగి కడ్డీ తీసుకుంది. మట్టి దులిపింది. కొన నిప్పులో పెట్టి కుక్క వైపు చూసింది.

“పద ఫిక్స్,” అంది. చక్రం తిరిగింది.